మారుతున్న వాయువు – మారని గొట్టం

ఏలూరులోను, తాడేపల్లిగూడెంలోను వీధుల వెంట కందకాలు తవ్వి ప్లాస్టిక్ గొట్టాలు పాతడం నేడు ఎవరికీ వింతగా తోచదు. గోదావరి గ్యాస్ సంస్థ ఈ ప్రాంతంలో ఇంటింటికి సహజవాయువు సరఫరా చేసే పని చేపట్టిన తరువాత ప్రజలు అడిగే ప్రశ్నలు రెండే: కనెక్షన్ ఎప్పుడు వస్తుంది, సిలిండరు కంటె చవుకా కాదా? ఈ రెండు ప్రశ్నలూ సమంజసమైనవే. కాని మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడిగేవారు మాత్రం అరుదు. ఆ గొట్టంలో ఈనాడు వచ్చే వాయువు ఎట్టిది? అయిదేండ్ల తరువాత అదే గొట్టంలో వచ్చే వాయువు ఎట్టిది కాబోతున్నది? ఆ మార్పును గొట్టం భరించగలదా?

ఇది ఇంజనీర్లు తమలో తాము తేల్చుకోవలసిన విషయమనీ, మనబోటివారు తలదూర్చ నవసరం లేదనీ కొందరి అభిప్రాయం. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. గోదావరి గట్టున ఉన్నవారు ఏకీభవించకూడదనడానికి ప్రబలమైన కారణం కూడా ఉన్నది. ఆ కారణం పేరు నగరం.

ముందుగా, సహజవాయువు అంటే ఏదో ఒకే పదార్థమన్న భ్రమను వదలుకోవాలి. బియ్యం అన్నమాట ఒకటే అయినా, తాడేపల్లిగూడెం మిల్లులో నిలబడినవానికి ఏ బస్తాలో తేమ ఎంత, నూక ఎంత, తవుడు ఎంత అన్నదే ముఖ్యం గదా! వాయువు సంగతీ అంతే. అందులో అధికభాగం మీథేన్. దానితోపాటు ఈథేన్, ప్రొపేన్ వంటి బరువైన హైడ్రోకార్బనులు, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, నీటి ఆవిరి, ఒక్కొక్కచోట గంధకపు సమ్మేళనాలు ఉంటాయి. కోనసీమ బావులలో దొరికేది ఒక తీరు, కొల్లేటికి ఆనుకొని ఉన్న కైకలూరు, లింగాల క్షేత్రాలలో దొరికేది మరొక తీరు, సముద్రగర్భంలోని కె.జి. డి-6 క్షేత్రం నుండి 2009లో రావడం ఆరంభించినది దాదాపు అంతా మీథేనే. ఓడలలో ద్రవరూపంలో దిగుమతి అయ్యే వాయువులో బరువైన హైడ్రోకార్బనులు ఎక్కువ కావచ్చు, వేడిమి ఎక్కువ కావచ్చు. పేరు ఒకటే, గుణాలు వేరు.

ఈ కారణం చేతనే ప్రమాణాలు అవసరమైనవి. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2008లో చేసిన నిబంధనలలో, పెద్ద పైపులైన్లలోనికి వచ్చే వాయువుకు హద్దులు నిర్ణయించినారు. బొగ్గుపులుసు వాయువు 6 శాతానికి మించరాదు. మండని వాయువులన్నీ కలిసి 8 శాతం దాటరాదు. ప్రాణవాయువు 0.2 శాతానికి లోబడి ఉండాలి. నీటి ఆవిరి మంచుబిందువుగాని, హైడ్రోకార్బనుల మంచుబిందువుగాని సున్న డిగ్రీల సెంటిగ్రేడును మించకూడదు. ఈ చివరి నిబంధన అర్థం ఏమిటంటే, వాయువు సున్న డిగ్రీల దాకా చల్లబడినా అందులోనుండి ఒక్క చుక్క నీరుగాని, నూనెగాని దిగరాదు. చదవడానికి ఇది పరీక్ష పత్రంలోని లెక్కవలె కనబడుతుంది. కాని ఈ పట్టికలో ప్రతి అంకె వెనుక ఒక ఉక్కు గొట్టం, ఒక కవాటం, ఒక మీటరు, ఒక రబ్బరు పొర నిలబడి ఉన్నాయి. ఫలానా హద్దులో ఉన్న వాయువు వస్తుందని నమ్మి వాటిని తయారు చేసినారు, నమ్మి భూమిలో పాతినారు. వాయువు మాట తప్పితే గొట్టం నోరు విప్పి చెప్పలేదు.

2014 జూన్ 27. తెల్లవారుతున్న సమయం. నాటి తూర్పు గోదావరి జిల్లా, నేటి కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థవారి 18 అంగుళాల గొట్టం పగిలినది. తాటిపాక నుండి కొండపల్లిలోని విద్యుత్కేంద్రానికి వాయువును కొనిపోయే మార్గమది. బయటపడిన వాయువు నేలబారుగా ఇండ్లమధ్యకు పాకి అంటుకొన్నది. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. నిద్రలేవకముందే కాలిపోయినవారున్నారు. ఇండ్లు, దుకాణాలు, కొబ్బరితోటలు మాడి మసి అయినవి. పచ్చని కోనసీమలో ఆ నల్లని మచ్చను పత్రికలలో చూసినవారెవరూ మరచిపోలేరు.

1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. చాలమంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతారు. అది పొరపాటు. పాశర్లపూడిలో తవ్వుతున్న బావి అదుపు తప్పినది. భూగర్భంలోని ఒత్తిడి మనిషి లెక్కను మించినది. నగరంలో జరిగినది అట్టిది కాదు. అక్కడ కొత్తగా తవ్వుతున్నది ఏదీ లేదు. ఎన్నో ఏండ్లుగా రోజూ చేస్తున్న పనినే ఆ రోజూ చేస్తున్నారు.

విచారణలో బయటపడిన సంగతి ఇది. ఆ మార్గాన్ని పొడి వాయువు కొరకు రూపొందించినారు. దానిలో పంపినది తడి వాయువు. నీటినీ, ద్రవరూపంలో దిగే హైడ్రోకార్బనులనూ తొలగించి వాయువును ఆరబెట్టే యంత్రాగారం మొదటినుండీ ఉండవలసినది; దానిని నెలకొల్పలేదు. తడితోపాటు బొగ్గుపులుసు వాయువు కూడా ఉన్నది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివిన విద్యార్థి చెప్పగలడు: కార్బానిక ఆమ్లం. మనం తాగే సోడాలో ఉన్నది అదే. నాలుకకు చురుక్కుమనే ఆ బలహీనమైన ఆమ్లం, అధికమైన ఒత్తిడిలో, ఏండ్ల తరబడి, ఉక్కును లోపలినుండి కొరుక్కుతింటుంది. పైన పూసిన పూత చెక్కు చెదరదు. నేలపై నడిచేవానికి ఏమీ తెలియదు. గోడ పలచబడుతూ, పలచబడుతూ ఒకనాడు కాగితమవుతుంది.

నా దృష్టిలో నగరం దుర్ఘటనలో అతి ముఖ్యమైన అంశం తుప్పు కాదు. తుప్పు పదార్థధర్మం, దానిపై అలిగి ప్రయోజనం లేదు. కాగితం మీద ఆ గొట్టం పొడి వాయువు గొట్టం. వాస్తవంలో తడి వాయువు గొట్టం. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి, ఇక చాలునని కవాటం మూయగల అధికారం గల మనిషి ఆ వ్యవస్థలో లేడు. వాయువు పంపినవారొకరు, మోసినవారొకరు, వాడుకొన్నవారొకరు. ముగ్గురికీ వాయువు కావలసినదే. మూసివేయడం వలన లాభపడేవారు నగరం గ్రామస్థులు మాత్రమే, వారినెవరూ అడగలేదు.

ఈ సంగతి కృష్ణా, గోదావరీ డెల్టాల నడుమ ఉన్న మనకు ఇంకొక విధంగా కూడా వర్తిస్తుంది. కోనసీమ నుండి కొండపల్లికి పోయే గొట్టం ఏదైనా మన కాలువలనూ, మురుగు డ్రెయిన్లనూ దాటకుండ పోలేదు. ప్రతి కాలువ వద్ద గొట్టం కిందికి దిగి, అవతల గట్టున పైకి లేస్తుంది. కాలువ కింద కాలువను దాటించే అండర్ టన్నెల్‌ను ఎరిగిన రైతుకు దీనిని వేరుగా వివరించ నక్కరలేదు. నీరు పల్లమెరుగునని సామెత. గొట్టంలో దిగిన చుక్క చుక్కా ఆ పల్లాలలోనే చేరి, గొట్టం అడుగున మడుగు కట్టి కూర్చుంటుంది. అందుచేత లోపలి తుప్పు గొట్టమంతటా సమానంగా రాదు. అడుగుభాగాన, పల్లపు మలుపులలో వస్తుంది. ఎత్తుపల్లాలు తక్కువైన మైదానంలో నూరు మైళ్ళు వేసిన గొట్టానికీ, అడుగడుగున కాలువ దాటే మన డెల్టా గొట్టానికీ ఒకే తడి వాయువు ఒకే హాని చేయదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే కొల్లేటి పరిసరాలలో బయటినుండి తడి సరేసరి. లోపలినుండి కూడా తడి పంపితే ఆ ఉక్కు ఎటు తిరిగి ఊపిరి పీల్చుకోవాలి?

గొట్టం ఒక్కటే కాదు. పెద్ద మార్గం నుండి పట్టణానికి వాయువు మళ్ళే చోట ఒత్తిడిని తగ్గించే యంత్రాలు ఉంటాయి. వాయువు ఒత్తిడి ఒక్క బార్ తగ్గినపుడు దాని ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ పడిపోతుంది. ఒక్కసారిగా నలభై బార్లు తగ్గిస్తే ఇరవై డిగ్రీలు. పైన మే నెల ఎండ మాడుస్తున్నా, లోపల ఇరుకైన ద్వారం దగ్గర చలికాలమే. వాయువు పొడిగా ఉంటే చిక్కు లేదు. తేమ ఉంటే, నీరూ మీథేనూ కలిసి మంచువంటి గడ్డ కడుతుంది. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు పైననే ఇది ఏర్పడగలదు. ఆ గడ్డ కవాటాన్ని మూయనివ్వదు, లేదా తెరవనివ్వదు. మీటరులో ద్రవం చేరితే కొలత తప్పుతుంది. వడపోత జల్లెడలలో నల్లని తుప్పుపొడి నిండుతుంది. ఒక్క తేమ హద్దు దాటినందుకే ఇన్ని!

వాయువు గుణం మారినపుడు ఇతర దేశాలు ఏమి చేసినవో చూస్తే మన ఆలోచనకు కొంత వెలుగు దొరుకుతుంది. ఇంగ్లండులో బొగ్గునుండి తీసిన వాయువును నూరేండ్లకు పైగా వాడినారు. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికిన తరువాత, 1967 నుండి 1977 వరకు పదేండ్లపాటు, ఇల్లిల్లూ తిరిగి కోటికి పైగా వినియోగదారుల పొయ్యిలను మార్చినారు. కొత్త వాయువు వేడిమి పాతదానికి రెట్టింపు గనుక. అంతటితో పని ముగిసిందనుకొంటే భూమిలోనుండి మరొక సమస్య లేచినది. పాత పోతయినుప గొట్టాల అతుకులలో జనపనార దట్టించి, సీసం పోసి ఉన్నది. బొగ్గువాయువులోని తేమ, తారు, నూనెలు ఆ నారను ఉబ్బించి అతుకును బిగువుగా ఉంచేవి. పొడి సహజవాయువు రాగానే నార ఎండిపోయి, అతుకులు కారడం మొదలుపెట్టినవి. నారను తిరిగి తడపడానికి వాయువులో గ్లైకాల్ తుంపరలు కలపవలసి వచ్చినది. నగరంలో తడి హాని చేసినది. ఇంగ్లండులో పొడి హాని చేసినది. వాయువు మంచిదా చెడ్డదా అని విడిగా అడగడంలో అర్థం లేదు. ఏ గొట్టానికి మంచిది అని అడగాలి.

హాలండువారిది మరొక మార్గం. 1959లో కనుగొన్న గ్రోనింగెన్ క్షేత్రపు వాయువులో నత్రజని సుమారు 14 శాతం. దేశంలోని పొయ్యిలన్నీ దానికి తగినట్లుగానే తయారైనవి. భూకంపాల భయంతో 2023 అక్టోబరులో ఆ క్షేత్రంలో ఉత్పత్తి నిలిపివేసినారు. పొయ్యిలను ఒక్కసారిగా మార్చలేరు గనుక, బయటినుండి వచ్చే బలమైన వాయువులో నత్రజని కలిపి, దాని బలం తగ్గించి ఇండ్లకు పంపుతున్నారు. మంచి సరుకులో మట్టి కలిపినట్లు లేదూ? కాని అందులో ఒక మర్యాద ఉన్నది: పరికరం భరించగలిగినదానినే దానికి ఇవ్వడం.

ఇప్పుడు మన ఇంటిసంగతికి వద్దాం. 2023 నవంబరులో భారత ప్రభుత్వం ఒక విధానం ప్రకటించినది. నగరాలకు సరఫరా అయ్యే వాయువులో సేంద్రియ వ్యర్థాలనుండి తీసిన బయోవాయువును 2025-26లో 1 శాతం, 2026-27లో 3, 2027-28లో 4, 2028-29 నుండి 5 శాతం కలపవలెనని నిర్ణయం. ఉద్దేశం కొనియాడదగినది. అందుకు మన ప్రాంతంకంటె తగిన నేల ఎక్కడ దొరుకుతుంది? తణుకు, తాడేపల్లిగూడెం చుట్టూ కోళ్ళ ఫారాలు. కోత ముగిసిన చేలలో తగులబెట్టే గడ్డి. పెదవేగిలో పామాయిలు మిల్లు. కొల్లేటి చెరువుల చేపల వ్యర్థం. కాలువలను కమ్మేసే గుర్రపుడెక్క. ఇవన్నీ నేడు దుర్వాసనగానో, పొగగానో పోతున్నవి. వీటినుండి వంటచెరకు తీయగలిగితే ఎవరు కాదంటారు?

కాని కోళ్ళ పెంట ఇంగ్లీషు పుస్తకంలోని మీథేన్ కాదు. అందులో నత్రజని ఎక్కువ గనుక వాయువులో అమ్మోనియా వస్తుంది. గంధకం వలన హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. శుభ్రపరచకుండ వదిలితే మొదటిది ఇత్తడిని పగిలిస్తుంది. రెండవది రాగి గొట్టం లోపల నల్లని పొలుసులు పుట్టించి పొయ్యి రంధ్రాలను మూస్తుంది. ఇండ్లలోని కవాటాలలో ఇత్తడి, గొట్టాలలో రాగి ఉండడం సామాన్యం. వీధిలోని ప్లాస్టిక్ గొట్టానికి తుప్పు పట్టదని సంతోషించే లోపల, వంటింటిలోని రెండు జానల రాగి గొట్టం సంగతి ఎవరు చూస్తారు?

బయోవాయువుకు భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ప్రమాణం ఉన్నది. తేమ విషయంలో అది కఠినమైనదే. కాని ప్రాణవాయువును 0.5 శాతం వరకు అనుమతిస్తున్నది. పెద్ద పైపులైన్ల హద్దు 0.2 శాతమని పైన చెప్పుకొన్నాం. అంటే ఒక పుస్తకం ప్రకారం ఉత్తీర్ణమైన వాయువు మరొక పుస్తకం ప్రకారం తప్పినట్లే. వేరువేరు పనులకు వేరువేరుగా వ్రాసుకొన్న ప్రమాణాలు అవి. రెండు వాయువులూ ఒకే గొట్టంలో కలుసుకొనే రోజు వచ్చినపుడు కూడ వేరుగానే ఉంటే కుదరదు.

దీనికి ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: “కలిపేది అయిదు శాతమే గదా, మిగిలిన తొంభై అయిదులో కలిసి సర్దుకుపోతుంది.” నాకు అన్నింటికంటె భయం కలిగించేది ఈ సమాధానమే. అయిదు శాతం అన్నది దేశం మొత్తానికి, సంవత్సరం మొత్తానికి వేసిన సగటు. సగటు ఏ గొట్టంలోనూ ప్రవహించదు. ఊరి చివర ఒక బయోవాయువు కేంద్రం ఉన్నదనుకొందాం. అర్ధరాత్రి వంటలు లేవు, హోటళ్ళు మూసి ఉన్నవి, వాడకం బాగా తగ్గినది. కేంద్రం మాత్రం తన వాయువును పంపుతూనే ఉంటుంది. కోళ్ళు రాత్రి అని ఊరుకోవు గదా! ఆ వేళ దాని పక్కనున్న నాలుగు వీధుల గొట్టంలో ఉండేది అయిదు శాతం కాదు. యాభై కావచ్చు, నూరు కావచ్చు. కొల్లేటి సగటు లోతు మూడడుగులని విని ఈత రానివాడు దిగినట్లుంటుంది ఈ లెక్క.

ఉదజని విషయంలో కూడ ఇటువంటి ప్రయోగాలు దేశంలో ఆరంభమైనవి. 2023లో సూరత్ సమీపాన కవాస్‌లోని ఎన్.టి.పి.సి. నివాసాలకు ఉదజని కలిపిన వాయువు ఇవ్వసాగినారు. ఘనపరిమాణం చొప్పున ఉదజని వేడిమి సహజవాయువులో మూడవ వంతు మాత్రమే. అణువు అతి సూక్ష్మం గనుక సందు దొరికితే జారిపోతుంది. కొన్ని రకాల ఉక్కును పెళుసుబారజేస్తుంది. ఒక కాలనీలో పరీక్షించి చూడడం బుద్ధిమంతుల పని. ఆ ఫలితాలను మన డెల్టాలోని పాత గొట్టాలకు యథాతథంగా అంటగట్టడం వేరు పని.

ప్రమాణాలు మరీ బిగిస్తే చిన్న ఉత్పత్తిదారు బ్రతకలేడన్న ఆక్షేపణ ఉన్నది. ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు. పది మంది రైతులు కలిసి పెట్టుకొనే కేంద్రానికి శుద్ధియంత్రం, వాయు విశ్లేషణ యంత్రం కొనాలంటే పెట్టుబడి తలకు మించుతుంది. అందుకు విరుగుడు హద్దును సడలించడం కాదని నా నమ్మకం. పాలకేంద్రంలో వెన్నశాతం కొలిచే యంత్రాన్ని ప్రతి పాడిరైతూ కొనుక్కోడు. కేంద్రమే కొని, అందరి పాలూ కొలుస్తుంది. వాయువు కలిసే ద్వారం దగ్గర కూడ అదే పద్ధతి ఉండాలి. కొలిచే యంత్రం గొట్టం యజమానిది, ఖర్చు వ్యవస్థ మొత్తానిది. చిన్నవాని మీద భారం పడదు. హద్దు మీద రాజీ ఉండదు.

ఆ యంత్రం నెలకొక నమూనా పరీక్షించి కాగితం పంపేదిగా ఉంటే చాలదు. గంట గంటకు తేమ, ప్రాణవాయువు, గంధకం చూచి, హద్దు దాటిన నిమిషాన మనిషి అనుమతికై ఎదురుచూడకుండ ద్వారం మూసేదిగా ఉండాలి. నగరంలో లేనిది సరిగా ఇదే. కొత్తరకం వాయువును ఒక మార్గంలోనికి అనుమతించే ముందు ఆ మార్గంలో అన్నింటికంటె పాతదైన, అన్నింటికంటె బలహీనమైన భాగం ఏది అన్నది తెలుసుకోవాలి. పాత అతుకు, పాత రబ్బరు పొర, కాలువ కిందనున్న పల్లపు మలుపు — హద్దును నిర్ణయించవలసినవి ఇవి. కొత్తగా వేసిన మెరిసే గొట్టం కాదు.

మరొక కోరిక. కరెంటు బిల్లుమీద యూనిట్లు వేస్తారు. రేషను దుకాణం ముందు నిలువల పట్టిక కడతారు. పైపు వాయువు బిల్లుమీద ఘనపు మీటర్లు మాత్రమే ఉంటున్నవి. ఆ నెలలో వచ్చిన వాయువు వేడిమి ఎంత, అందులో బయోవాయువు ఎంత, తేమ ఎంత అన్న మూడు అంకెలు వార్డు సచివాలయంలోని నోటీసు బోర్డుమీద అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వేడిమి తగ్గిన వాయువును అదే ధరకు అమ్మితే గృహిణికి అన్నం ఉడకడంలో తెలుస్తుంది. అంకె ఉంటే అడగడానికి ఆధారం దొరుకుతుంది.

తాడేపల్లిగూడెంలో 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. ఏలూరు కళాశాలలలో రసాయనశాస్త్ర ప్రయోగశాలలున్నవి. కోళ్ళ పెంట వాయువులో ఏ ఋతువులో గంధకం ఎంత ఉంటుందో, మేతమార్పుతో అది ఎట్లు మారుతుందో ఇక్కడి విద్యార్థులు కొలిచి పట్టిక వేయవచ్చును. ఇత్తడి ముక్కనూ, రాగి ముక్కనూ ఆ వాయువులో ఆరునెలలు వ్రేలాడదీసి తూకం చూడవచ్చును. ఖరీదైన పరిశోధన కాదిది. ఒక సున్నితపు త్రాసు, కొంత ఓపిక కావాలి. 2028-29 నాటికి అయిదు శాతం వచ్చేముందు ఈ పట్టిక మన చేతిలో ఉంటే, హద్దు ఎక్కడ గీయవలెనో వాదించడానికి ఢిల్లీకి పోయేవారు మన అంకెలతో పోగలరు.